ఆ చోట నిలబడితేనే దొరికే జవాబు: ఫోన్ ఆటలతో ఆరుబయట భూగోళ పాఠం

భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం ఎక్కడి గుండా పోతుందని అడిగితే మన బడిపిల్లలు తడుముకోకుండా మీర్జాపూర్ అంటారు. చురుకైనవాళ్ళయితే అది అయిదు రాష్ట్రాల మీదుగా వెళుతుందనీ, వాటిలో చివరిది ఆంధ్రప్రదేశ్ అనీ, కాకినాడకు దగ్గరగా పోతుందనీ కూడా చేర్చగలరు. అదే రేఖ అన్నవరానికీ తునికీ నడుమ జాతీయ రహదారిని అడ్డంగా దాటుతుందన్న సంగతి మాత్రం తునిలో చదువుకునే పిల్లలకు సైతం తెలియకపోవచ్చు. అన్నవరం కొండ దగ్గర నిలబడి, అక్షాంశ రేఖాంశాలు చూపే ఏ యాప్ తెరిచినా రేఖాంశం 82.40 దరిదాపుల్లో ఉంటుంది. తుని వైపు బస్సు కదిలిన కొద్దీ ఆ అంకె పెరుగుతూ పోయి, తుని చేరేసరికి 82.55 దగ్గరకు వస్తుంది. అన్నవరానికి తూర్పుగా పది కిలోమీటర్లు దాటాక ఒకచోట అది సరిగ్గా 82.50 అవుతుంది. ఆ అంకెను ముందుగా పట్టుకున్నవాళ్ళదే గెలుపని పందెం పెడితే అది ఆట. పట్టుకున్నాక దిగి చుట్టూ చూసి, ‘ఇక్కడ గీత ఏదీ లేదే’ అని పిల్లలు నివ్వెరపోతే అది పాఠం. ఊహారేఖ అన్న మాటను పుస్తకంలో వందసార్లు చదివినా రాని ఎరుక ఆ రోడ్డు పక్కన ఒక్క నిమిషంలో వస్తుంది.

మనిషి ఉన్న చోటును బట్టి నడిచే మొబైల్ ఆటలతో భూగోళ శాస్త్రం నేర్పవచ్చా అన్న చర్చ పాతికేళ్ళుగా సాగుతోంది. ఈ చర్చలో మూడు వేరువేరు సంగతులు కలగాపులగం అయిపోతుంటాయి. పిల్లలు బయట తిరగడం ఒకటి, ఫోన్ వాళ్ళ చోటును గుర్తించడం ఒకటి, వాళ్ళు ఆ చోటును అర్థం చేసుకోవడం మరొకటి. మొదటి రెండూ జరిగినంత మాత్రాన మూడోది జరిగినట్టు కాదు. పదివేల అడుగులు నడిచి, పాతిక చోట్ల ఫోన్ మోగించుకుని, ఏ చోటునూ కన్నెత్తి చూడకుండా ఇంటికి చేరడం పూర్తిగా సాధ్యం. కాబట్టి ఏ ఆటనైనా ఒకే ప్రశ్నతో గీటురాయి మీద గీసి చూడవచ్చునని నా అభిప్రాయం: ఆటలో అడిగిన దానికి ఆ చోట నిలబడి చూడనిదే జవాబు చెప్పగలమా, లేదా? ఇంట్లో కూర్చుని చెప్పగలిగితే, అది నడక తగిలించిన క్విజ్ మాత్రమే.

ముందుగా ఫోన్ సంగతి చూద్దాం. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతూ, పరమాణు గడియారాలు చెప్పే సమయాన్ని నిరంతరం ప్రసారం చేస్తుంటాయి. ఆ సంకేతం మన ఫోన్‌ను చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి ఆ ఉపగ్రహం ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. స్థానం తేల్చడానికి మూడు ఉపగ్రహాలు సరిపోవాలి కానీ, ఫోన్‌లోని గడియారం అంత కచ్చితమైనది కాదు గనక ఆ పొరపాటును సరిచేసుకోవడానికి నాలుగోది కావాలి. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. దీనికి ఇంటర్నెట్ అక్కరలేదు. ఫోన్ ఆకాశం నుంచి వచ్చేదాన్ని వినడమే తప్ప ఉపగ్రహానికి ఏమీ పంపదు. నెట్ లేనప్పుడు మొదటిసారి చోటును పట్టుకోవడానికి కాస్త ఎక్కువ సేపు పడుతుంది, పటం ముందే దింపుకుని ఉంచుకోవలసి వస్తుంది, అంతే. సిగ్నల్ అందని ఏజెన్సీ గ్రామంలోని బడికి ఇది చిన్న సంగతి కాదు.

ఈ ఆటలన్నిటికీ పుట్టినరోజు లాంటిది 2000 మే 2. అప్పటిదాకా అమెరికా ప్రభుత్వం పౌరులకు అందే జీపీఎస్ సంకేతాల్లో కావాలని పొరపాటు కలిపేది. అందువల్ల చూపిన చోటుకూ అసలు చోటుకూ వంద మీటర్ల దాకా తేడా ఉండేది. ఆ రోజు ఆ కల్తీని ఆపేశారు. మర్నాడే, మే 3న, ఆరెగాన్ రాష్ట్రంలో ఒకాయన ఒక బకెట్‌లో కొన్ని వస్తువులు పెట్టి అడవిలో దాచి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్‌లో ప్రకటించి, దొరికించుకోండి చూద్దామన్నాడు. కొద్ది రోజుల్లోనే దాన్ని కనిపెట్టారు. జియోకాషింగ్ అన్న ప్రపంచవ్యాప్త దాగుడుమూతలాట అలా మొదలయింది.

ఈనాటి ఫోన్‌కు ఆకాశం బాగా కనిపించేచోట సుమారు అయిదు మీటర్ల కచ్చితత్వం ఉంటుంది. ఎత్తయిన మేడల మధ్య, సంకేతం గోడలకు తగిలి తిరిగి వచ్చేచోట, అది ఇరవై ముప్ఫై మీటర్లకూ దిగజారవచ్చు. ఈ పరిమితే మంచి పాఠం. అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే నేల మీద సుమారు 111 కిలోమీటర్లు. కాబట్టి దశాంశ బిందువు తరవాత నాలుగో అంకె పదకొండు మీటర్లను, అయిదో అంకె ఒక మీటరును తెలుపుతుంది. ఫోన్ తెరమీద ఏడెనిమిది అంకెలు కనబడుతుంటే, వాటిలో చివరివి నమ్మదగినవేనా అని పిల్లల చేత అడిగించాలి. కదలకుండా నిలబడి అయిదు నిమిషాలపాటు ఆ అంకెలను రాసుకుంటే, ఏవి నిలకడగా ఉన్నాయో ఏవి ఊగుతున్నాయో వాళ్ళకే తెలిసిపోతుంది. కొలతలో ఎంత పొరపాటుకు తావుందో తెలుసుకోవడానికి ఇంతకన్నా చవకైన ప్రయోగశాల లేదు. లండన్ దగ్గర గ్రీనిచ్‌లో సున్నా రేఖాంశం మీద పరిచిన లోహపు గీతపై నిలబడి ఫోన్ తీసినవాళ్ళకు సున్నా కనబడదు. సున్నా కోసం దాదాపు వంద మీటర్లు తూర్పుకు నడవాలి. భూమి ఆకారాన్ని ఉపగ్రహ కాలంలో కొత్తగా లెక్కగట్టినప్పుడు గీత జరిగింది, లోహం జరగలేదు.

జియోకాషింగ్‌లో ఎక్కువ భాగం డబ్బా వెతకడమే. భూగోళ పాఠానికి దగ్గరగా వచ్చిన రూపం 2004లో అమెరికా భూవిజ్ఞాన సంఘం ప్రారంభించిన ఎర్త్‌కాష్. ఇందులో దాచిన వస్తువేదీ ఉండదు. ఇచ్చిన స్థానానికి వెళ్ళాక అక్కడి నేలనో, రాతినో, వాగునో చూసి జవాబు చెప్పాలి. పొరలు ఎటు వంగి ఉన్నాయి, గులకరాళ్ళు నునుపుగా ఉన్నాయా కోసుగా ఉన్నాయా, ఈ రెండు రాళ్ళ మధ్య రంగు ఎందుకు మారింది వంటి ప్రశ్నలుంటాయి. నేను పైన చెప్పిన గీటురాయి ఇక్కడ ఆటకు నియమమే అయింది. విశాఖపట్నానికీ భీమిలికీ మధ్య ఉన్న ఎర్రమట్టి దిబ్బలు ఇటువంటి ఆటకు ఎంత అనువైన చోటో చెప్పనక్కరలేదు. ఇసుకను గాలి తెచ్చిందా నీరు తెచ్చిందా, అది ఎరుపెక్కడానికి ఎంతకాలం పట్టింది, వాన నీరు ఆ దిబ్బలను ఎటు కోస్తోంది అన్నవి అక్కడ నిలబడి గుప్పెట్లోకి మట్టి తీసుకున్నవాడు అడగకుండా ఉండలేని ప్రశ్నలు. తిరుమల కనుమదారిలో రెండు యుగాల శిలల మధ్య కోట్ల సంవత్సరాల విరామాన్ని చూపే సంధిరేఖ ఉంది. దాని పక్కనుంచి రోజూ వేల వాహనాలు పోతుంటాయి. రెండింటినీ భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ జాతీయ భూవారసత్వ స్థలాలుగా గుర్తించింది. అక్కడి రాయి ముక్కను గానీ గుప్పెడు ఇసుకను గానీ ఇంటికి తెచ్చుకోకూడదన్నదీ ఆట నియమాల్లో మొదటిది కావాలి.

విద్య కోసమే తయారైన ఆటల చరిత్ర కూడా ఇదే కాలానిది. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు భాగస్వాములుగా రూపొందిన సవానా అన్న ఆటలో పిల్లలు సింహాలు. బడి మైదానమే ఆఫ్రికా గడ్డిభూమి. చేతిలోని చిన్న యంత్రానికి జీపీఎస్ తగిలించుకుని నడుస్తుంటే, నిలబడిన చోటును బట్టి జంతువుల శబ్దాలు వినిపించేవి, బొమ్మలు కనిపించేవి. ఒంటరిగా వేటాడితే ఏనుగు చేతికి చిక్కదు, గుంపుగా కదలాలి. ఆ తరవాత గదిలోకి వెళ్ళి ఎందుకు ఓడిపోయామో, ఆకలితో ఎందుకు చచ్చిపోయామో చర్చించుకునేవారు. జంతువుల నడవడిని నేర్పడంలో ఇది చక్కటి ఊహ. కానీ ఆ మైదానం ఏదైనా ఒకటే. ఇంగ్లండ్ గడ్డికి ఆటలో వంతు లేదు. ఇక్కడ నేల చాప లాంటిది, దాని మీద ఏ ఆటనైనా పరుచుకోవచ్చు. ఇందుకు భిన్నంగా 2005లో ఆమ్‌స్టర్‌డామ్‌లో విద్యార్థులు ఆడిన మధ్యయుగాల నగరపు ఆటలో, కొందరు వీధుల్లో నడుస్తుంటే కొందరు కేంద్రంలో కూర్చుని పటం మీద వాళ్ళకు దారి చెప్పేవారు. ఆ కాలువలూ ఆ వీధి మలుపులూ లేకపోతే ఆ ఆట లేదు. అక్కడ నేల పుస్తకం లాంటిది.

ఈ రెండింటి మధ్య నిలిచేది అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో 2000 దశకం మొదట్లో తయారైన ‘పర్యావరణ డిటెక్టివ్‌లు’ అన్న ఆట. ఆవరణలో ఎక్కడో విషపూరితమైన ద్రావకం ఒలికి భూగర్భ జలంలో కలిసిందని కథ. విద్యార్థులు నచ్చిన చోట ఊహా బావి తవ్వితే, ఆ చోటు నీటిలో విషం ఎంతుందో యంత్రం చెబుతుంది. నీరు ఎటు పారుతోందో, మూలం ఎక్కడుందో తేల్చాలి. బావులన్నీ కల్పితం, వాలు మాత్రం నిజం. ఎన్ని బావులు తవ్వాలన్నదానికి సమయం, ఖర్చు అడ్డుపడతాయి గనక, ముందు నేలను చూసి ఆలోచించినవాళ్ళే గెలుస్తారు. నాకు ఇదే ఎక్కువ నచ్చిన నమూనా. ఎందుకంటే బయట కంటికి కనబడని దానినే ఫోన్ చూపుతోంది. కనబడేదాన్ని కంటికే వదిలేసింది.

ఇక 2016 జులైలో వచ్చిన పోకిమాన్ గో. వీధుల్లో తిరుగుతూ ఫోన్ తెరమీద కనబడే ఊహా జీవులను పట్టుకునే ఆట ఇది. దాన్ని తయారు చేసిన నియాంటిక్ సంస్థకు అప్పటి అధిపతి జాన్ హాంకే అంతకుముందు కీహోల్ అన్న సంస్థను స్థాపించినవారిలో ఒకరు. గూగుల్ కొన్నాక గూగుల్ ఎర్త్‌గా మారింది ఆ కీహోల్ ఉత్పత్తే. పటాలు చేసిన చెయ్యే ఈ ఆట కూడా చేసింది. కోట్ల మందిని వీధిలోకి తెచ్చిన మాట నిజమే. అయినా భూగోళ పాఠంగా చూస్తే ఆ ఆట రెండు చోట్ల తడబడింది. ఒకటి, ఆటలోని మజిలీలు ఆ సంస్థ పాత ఆట ఆడినవాళ్ళు గుర్తించిన విగ్రహాలు, గుళ్ళు, కట్టడాల నుంచి వచ్చాయి. పాత ఆటగాళ్ళు ఎక్కువగా ఉన్న నగరాల నడిబొడ్డున మజిలీలు కిక్కిరిసి, పల్లెలు ఖాళీగా మిగిలాయి. పల్లెటూరి పిల్లవాడికి ఆ ఆట చెప్పిన పాఠం ‘మీ ఊళ్ళో ఏమీ లేదు’ అని. రెండోది, చోటుకు ఉన్న అర్థాన్ని ఆట పట్టించుకోలేదు. నాజీలు చేసిన యూదుల మారణహోమానికి స్మారకమైన వాషింగ్టన్‌లోని హోలోకాస్ట్ మ్యూజియం తమ ప్రాంగణంలో ఆడవద్దని వేడుకోవలసి వచ్చింది. బోస్నియాలో యుద్ధకాలపు మందుపాతరలున్న ప్రాంతాల్లోకి ఆటగాళ్ళు వెళుతున్నారని అక్కడివాళ్ళు హెచ్చరించారు. మన దేశంలోనూ, గుళ్ళల్లో ఆటకు సంబంధించిన గుడ్లు కనిపిస్తున్నాయని గుజరాత్ హైకోర్టులో వ్యాజ్యం పడింది. అంకెల్లో అన్ని బిందువులూ సమానమే. మనుషులకు కావు. ఆ తేడాను తెలుసుకోవడమే మానవ భూగోళ శాస్త్రంలో మొదటి పాఠం.

మనమున్న చోటును పటం మీద చూపే నీలం చుక్క మరో చిక్కు తెచ్చిపెడుతుంది, ఇది అన్నిటికన్నా లోతైనది. తోరు ఇషికావా, ఆయన సహచరులు జపాన్‌లో చేసి 2008లో ప్రచురించిన అధ్యయనంలో కొందరు జీపీఎస్ ఫోన్‌తో, కొందరు కాగితం పటంతో నడిచారు. మరికొందరిని ముందు ఒకసారి వెంట తీసుకెళ్ళి దారి చూపించారు. ఫోన్ వాళ్ళు ఎక్కువ దూరం నడిచారు, ఎక్కువసార్లు ఆగారు. తరవాత దారిని గీయమన్నప్పుడు, స్వయంగా ఒకసారి నడిచి చూసినవాళ్ళ కన్నా వాళ్ళ బొమ్మల్లో ఎక్కువ పొరపాట్లు వచ్చాయి. ఆశ్చర్యపడనక్కరలేదు. కాగితం పటంతో నడిచేవాడు అడుగడుగునా ‘నేనెక్కడున్నాను’ అని తనను తాను అడుక్కుంటూ, ఎదురుగా ఉన్న గోపురాన్నీ పటంలోని గుర్తునూ జతపరుచుకుంటూ పోతాడు. ఆ ప్రశ్నకు చుక్క ముందే జవాబు చెప్పేస్తే, బుర్రకు పని ఉండదు. పాఠం కోసం చేసే ఆటలో చుక్కను దాచెయ్యడం మంచిది. చేరవలసిన చోటును మాటల్లో చెప్పి, చేరాక మాత్రమే ఫోన్ ‘అవును’ అనాలి. గమ్యం చుట్టూ ముప్ఫై మీటర్ల వలయం గీసి, అందులో అడుగుపెట్టాకనే తరవాతి ప్రశ్న తెరుచుకునేలా పెడితే, ఫోన్ దారి చూపే గైడులా కాక గుమ్మం దగ్గర కూర్చున్న కాపలాదారులా ఉంటుంది.

హైదరాబాద్‌లో పురానాపూల్ నుంచి చాదర్‌ఘాట్ దాకా మూసీ వెంట ఇటువంటి ఆటను కూర్చి చూశాను. దూరం మూడు, మూడున్నర కిలోమీటర్లు. ఎనిమిదో తరగతి చదివే మా అన్నయ్య కొడుకునూ వాడి స్నేహితుణ్ణీ వెంటబెట్టుకుని ఒక ఆదివారం ఉదయం నడిచాం. మొదటి పాఠం మొదటి పది నిమిషాల్లోనే, అది కూడా నాకే వచ్చింది. గమ్యం చుట్టూ ఎనిమిది మీటర్ల వలయం గీశాను. వంతెన గోడను ఆనుకుని నిలబడి ఎంతసేపు చూసినా ప్రశ్న తెరుచుకోదు. మావాడు ఫోన్‌లో పటం తీసి, ‘బాబాయ్, మనం నీళ్ళలో నిలబడ్డామట!’ అన్నాడు. చుక్క నది మధ్యకు గెంతి కూర్చుంది. వలయాన్ని ముప్ఫై మీటర్లు చేసింది ఆ రోజు నుంచే.

1578లో కట్టిన పురానాపూల్ మీద అడిగిన ప్రశ్న చిన్నది: నీరు ఎటు పారుతోంది, ఏ ఆధారంతో చెబుతున్నావు? మూసీలో నీరు చాలా రోజుల్లో కదులుతున్నట్టే ఉండదు. నురగ, చెత్త వంతెన స్తంభాలకు ఏ వైపున పేరుకుంటాయో చూస్తే ఎగువ ఏదో దిగువ ఏదో తేలుతుంది. ఒకడు ఫోన్‌లో దిక్సూచి తీసి తూర్పు అన్నాడు. దిక్కు పేరు సరే, నీరు అటే పోతోందని ఎలా తెలుసని అడిగితే నోరు మూతపడింది. గోడమీద నుంచి ఒంగి చూశాక ప్లాస్టిక్ సంచులు జవాబు చెప్పాయి. అనంతగిరి కొండల్లో పుట్టిన ఏరు నగరం మధ్యకు వచ్చేసరికి ఈ రూపానికి వచ్చిందన్నమాట వేరే ప్రశ్న అడగకుండానే వాళ్ళ మధ్య చర్చకు వచ్చింది.

అఫ్జల్‌గంజ్ దగ్గర కథ మారుతుంది. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరదలో వేలమంది చనిపోయారు. ఈనాడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి సుమారు నూటయాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారని నగరం చెప్పుకుంటుంది. అక్కడ ఆట మజిలీని ఆవరణ లోపల పెట్టలేదు. రోగుల మధ్య ఆటాడించడం మర్యాద కాదు. బయట, నది వైపు రోడ్డు మీద పెట్టాను. ప్రశ్న: నదీగర్భం నుంచి ఈ రోడ్డు ఎంత ఎత్తులో ఉంది? ఫోన్ చెప్పే ఎత్తును నమ్మి బోల్తాపడతారని తెలిసే అడిగాను. జీపీఎస్‌కు ఎత్తులో వచ్చే పొరపాటు, అడ్డంగా వచ్చే పొరపాటు కన్నా ఎక్కువ. రెండు నిమిషాల తేడాతో చూస్తే ఒకచోటే పన్నెండు మీటర్లు ‘దిగిపోయాం’. చివరికి ఒడ్డు గోడలోని రాతి వరసలను లెక్కపెట్టి, ఒక్కో వరస ఎంతుంటుందో తమ మూరతో అంచనా కట్టి చెప్పారు. ఆ అంచనా తప్పో ఒప్పో గానీ, వరద ఈ రోడ్డును మించి వచ్చిందంటే ఎంత నీరో వాళ్ళ మొహాల్లో కనిపించింది.

తరవాతి ప్రశ్నకు జవాబు ఒక్క చోట దొరకదు. ఆ వరద తరవాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాలతో ఎగువన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. అయినా 2025 సెప్టెంబరు చివరలో ఆ జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి నీళ్ళు ఎందుకొచ్చాయి? దీనికి బస్ స్టేషన్‌కు వెళ్ళే వంతెన మీద నిలబడి రెండు వైపులా చూడాలి. చుట్టూ నది, నడుమ బస్సులు. అది నదిలోనే ఉందని రోజూ అక్కడ బస్సెక్కేవాళ్ళకు సైతం పట్టదు. ‘నీళ్ళు స్టేషన్‌లోకి రావడం కాదు బాబాయ్, స్టేషనే నీళ్ళలోకి వెళ్ళింది’ అన్నాడు రెండోవాడు. వాణ్ణి నేను మెచ్చుకోలేదు, తరవాతి మజిలీకి తీసుకెళ్ళానంతే. చాదర్‌ఘాట్ దగ్గర ఒడ్డును ఆనుకుని ఉన్న బస్తీలను చూసినప్పుడు ఆ మాటను కొంచెం సవరించుకోవలసి వస్తుందని తెలుసు. బస్ స్టేషన్‌ను అక్కడ కట్టాలన్నది ఒక నిర్ణయం. బస్తీ అక్కడ వెలియడం చాలాసార్లు మరోచోట జాగా దొరకకపోవడం. ప్రమాదం అన్నది నీటి ఎత్తును బట్టే కాక, ఎవరు ఏ పల్లంలో ఉండవలసి వచ్చిందన్నదాన్ని బట్టి కూడా ఉంటుందన్నది ఈ దారిలో ఆఖరి మెట్టు.

గెలుపును ఎలా లెక్కించాలన్నది తేలిగ్గా కనిపించే కష్టమైన విషయం. ముందు చేరినవాళ్ళకు ఎక్కువ మార్కులిస్తే పిల్లలు పరిగెత్తుతారు. పరిగెత్తేవాడికి నేల కనబడదు, రోడ్డు మీద వచ్చే ఆటో అంతకన్నా కనబడదు. నేను సమయానికి మార్కులు తీసేసి, ఆధారానికి పెట్టాను. జవాబుకు ఒకటి, దాన్ని నిలబెట్టే ప్రతి ఆధారానికి రెండు. నలుగురికి ఒక్క ఫోన్ చాలు, అదే మేలు కూడా. ఒకరి చేతిలో ఫోన్, ఒకరి చేతిలో కాగితం పటం, ఒకరి చేతిలో నోటుపుస్తకం ఉండాలి. నాలుగో పిల్ల చేతులు ఖాళీగా ఉంచుకుని చుట్టూ చూస్తుండాలి. మజిలీ మజిలీకి వంతు మారాలి. ఇంటికో స్మార్ట్‌ఫోన్ లేని బడుల్లో ఈ పద్ధతి తప్పనిసరి అవుతుంది కానీ, ఉన్న బడుల్లోనూ ఇదే నయం.

భద్రత గురించి క్లుప్తంగా. రోడ్డు దాటే అవసరం లేకుండా మజిలీలు పెట్టాలి, నీటి అంచుకు పిల్లలు దిగే పని పెట్టకూడదు, ముందుగా పెద్దవాళ్ళు నడిచి చూడని దారిలో పంపకూడదు. ఫోన్‌లో చోటు తెలుసుకునే ప్రతి ఆటా ఆ చోటును ఎక్కడో దాచుకుంటుందన్న సంగతి కూడా మరవకూడదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ళలోపు వారి సమాచారానికి తల్లిదండ్రుల అనుమతిని తప్పనిసరి చేసింది, పిల్లల కదలికలను వెంబడించడం మీద ఆంక్షలు పెట్టింది. పిల్లల పేర్లతో ఖాతాలు తెరిపించే ఆట కన్నా, ఉపాధ్యాయుడి ఫోన్‌లో ఏ ఖాతా లేకుండా నడిచేదే మేలు.

ఇంతవరకు చెప్పినవన్నీ ఇతరులు చేసిన పటం మీద ఆడే ఆటలు. పటాన్నే చేసే ఆట ఒకటుంది. 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను ఎవరైనా దిద్దవచ్చు. దాని కోసం వచ్చిన స్ట్రీట్‌కంప్లీట్ అన్న యాప్, నిలబడిన చోటు చుట్టూ పటంలో లోటున్న సంగతులను చిన్న చిన్న ప్రశ్నలుగా అడుగుతుంది. ఈ దారి తారుదా మట్టిదా, ఈ భవనానికి ఎన్ని అంతస్తులు, ఈ బస్టాపుకు నీడ ఉందా. జవాబిచ్చిన కొద్దీ మార్కుల్లాగా నక్షత్రాలు చేరతాయి. నా గీటురాయికి ఇంతకన్నా బాగా నిలిచే ఆట లేదు, ఎందుకంటే జవాబు ఇంకా ఏ పటంలోనూ లేదు. నగరాల నడిబొడ్డు దాదాపు నిండిపోయి ఉంటుంది గనక, పోకిమాన్‌కు ‘ఏమీ లేని’ పల్లెలోనే ఇక్కడ పని ఎక్కువ. అంతేకాదు, ఆ పటంలో ఏ చోటుకైనా తెలుగు పేరు విడిగా చేర్చవచ్చు. ఊరి కుంట పేరు, ఎగువ తూము పేరు, చెలకల మధ్య వాగు పేరు ఊళ్ళోని ముసలివాళ్ళకు తప్ప ఎవరికీ తెలియవు. ఆ పేర్లు అడిగి తెలుసుకోవడం కూడా ఆటలో భాగమే. పేర్లు ఎంత పనికొస్తాయో హైదరాబాద్‌లో మాసాబ్ ట్యాంక్ దగ్గర నిలబడితే తెలుస్తుంది. పేరులో చెరువుంది, కంటికి రోడ్లు, వంతెన కనబడతాయి. నీళ్ళు ఏవని అడిగిన పిల్ల సగం భూగోళం చదివినట్టే. ఒక హెచ్చరిక మాత్రం తప్పదు. ఆ పటాన్ని నిజంగా వాడుకునేవాళ్ళుంటారు. కాబట్టి తెలియనిదాన్ని ఊహించి నింపకూడదనీ, ఉపాధ్యాయుడు చూశాకనే పంపాలనీ మొదటి రోజే చెప్పాలి.

మళ్ళీ తుని దగ్గరికి వద్దాం. ఏడాది సగటున చూస్తే, 82½ డిగ్రీల రేఖ మీద ఉన్నవాళ్ళకు మాత్రమే మన గడియారం చెప్పే మధ్యాహ్నమూ, సూర్యుడు చెప్పే మధ్యాహ్నమూ ఒకటి. అది కూడా ఏడాదిలో నాలుగు రోజులే సరిగ్గా కలుస్తాయి. ఏప్రిల్ 15 అందులో ఒకటి. ఆ రోజుల్లో ఒంటిపూట బడులు నడుస్తుంటాయి, పన్నెండింటికి పిల్లలు ఇంకా బడిలోనే ఉంటారు. తుని బడి ఆవరణలో ఒక మీటరు కర్రను నిలువుగా పాతి, మిగతా వాళ్ళు వరండాలో నీడపట్టున కూర్చుని, ఒకరు మాత్రం రెండు నిమిషాలకొకసారి వెళ్ళి నీడ కొనను సుద్దతో గుర్తు పెడితే చాలు. జానెడు కూడా లేని ఆ నీడ సరిగ్గా ఉత్తరానికి తిరిగేది పన్నెండింటికి. అదే రోజు హైదరాబాద్‌లో మరో బడి అదే పని చేస్తే, దాదాపు నాలుగు డిగ్రీలు పడమరగా ఉన్నందుకు డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన అక్కడి నీడ ఉత్తరానికి తిరిగేది 12 గంటల 16 నిమిషాలకు. రెండు బడులూ ఒకరికొకరు ఫోన్ చేసుకుని సమయాలు చెప్పుకుంటే, ఆ తేడా నుంచి తమ మధ్య రేఖాంశం ఎంతో పిల్లలే తేల్చుకోవచ్చు. ఈ ఆటలో ఫోన్‌తో పని ఆ ఒక్క కాల్ వరకే.